ఎంజైముకు ఎర

పశువుల ఎముకలను, తోలును నీటిలో చాలాసేపు ఉడికిస్తే జిగురు వస్తుంది. ఒకప్పుడు వడ్రంగులు కొయ్యను అతకడానికి వాడినది ఈ జిగురే. ఇది కొల్లాజెన్ అనే మాంసకృత్తునుండి వస్తుంది. ఆ పేరుకు అర్థం కూడా ‘జిగురును పుట్టించేది’ అనే. మన చర్మానికి, ఎముకకు బలమిచ్చేది కొల్లాజెన్. దానిలో మూడు గొలుసులు పురిపెట్టిన త్రాడువలె పెనవేసుకొని ఉంటాయని 1954–55లో మదరాసులో జి. ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా చూపించారు.

ఆ పురి విడిపోకుండా ఉండాలంటే ఒక చిన్న మార్పు జరగాలి. గొలుసులలోని ప్రోలీన్ అనే ఆమైనో ఆమ్లాలలో కొన్నింటికి ఒక్కొక్క ఆమ్లజని పరమాణువు చేరి అవి హైడ్రాక్సీప్రోలీన్‌గా మారాలి. మారని గొలుసుల త్రాడు సుమారు 24 డిగ్రీల సెంటిగ్రేడు వద్దనే విడిపోతుంది. మారినవైతే దాదాపు 39 డిగ్రీలవరకు నిలుస్తుంది. మన శరీరపు వేడి 37 డిగ్రీలు గదా! ఈ మార్పును చేసే ఎంజైము ప్రోలైల్ 4-హైడ్రాక్సిలేజ్. దానికి ఇనుము, విటమిన్ సి కూడా తోడుపడాలి. విటమిన్ సి దొరకని పూర్వపు నావికులకు చిగుళ్లనుండి నెత్తురు కారడానికీ, గాయాలు మానకపోవడానికీ మూలం ఇక్కడే ఉన్నది.

ఇంత ముఖ్యమైన ఎంజైము స్వభావం తెలియాలంటే ముందు దానిని ఒంటరిగా పట్టుకోవాలి. కోడి పిండాలను నూరి తీసిన ద్రవంలో అది ఉంటుంది. కాని దానితోపాటు వేలకొలది ఇతర మాంసకృత్తులూ ఉంటాయి. చేటతో చెరిగితే పొట్టు పోతుంది, జల్లెడ పడితే నూక పోతుంది. గింజంతే ఉన్న మరొక గింజను ఏ చేటా, ఏ జల్లెడా వేరుచేయలేవు. పరిమాణాన్నిబట్టి, విద్యుదావేశాన్నిబట్టి వేరుచేసే పాత పద్ధతుల చిక్కు ఇదే. (వాటిని తక్కువ చేయడం లేదు, మొదటి వడపోతకు నేటికీ అవి కావలసినవే.)

1968లో అమెరికాలో క్వాత్రకాసాస్, విల్చెక్, ఆన్‌ఫిన్సెన్ అనువారు వేరొక మార్గాన్ని పేరుపెట్టి ప్రచారంలోకి తెచ్చారు. అది అఫినిటీ క్రొమాటోగ్రఫీ. ఎంజైము దేనిని పట్టుకొంటుందో దానిని అగరోజ్ పూసలకు అంటించి, ఆ పూసలను గాజు గొట్టంలో నింపి, ద్రవాన్ని పైనుండి పోస్తారు. అన్నీ జారిపోతాయి, ఎరను పట్టుకొన్న ఎంజైము తప్ప.

ఇక మన ఎంజైముకు ఏది ఎర? 1973లో బెర్గ్, ప్రాకాప్ అనే శాస్త్రజ్ఞులు ఏలికపాముల పైపొరలోని కొల్లాజెన్‌ను వాడారు. పేగుల్లోని పురుగు ఇంత పనికివస్తుందని ఎవరనుకొంటారు! 1975లో ఫిన్లాండులోని ఔలు నగరంలో టుడెర్మన్, కూట్టి, కివిరిక్కో ఇంకా సులువైన ఎర కనుగొన్నారు. అది పాలీప్రోలీన్, అంటే ఒక్క ప్రోలీన్‌తోనే కట్టిన గొలుసు. దీనిలో తమాషా ఏమంటే, ఎంజైము దానిని గట్టిగా పట్టుకొంటుందేగాని మార్చలేదు. మార్చగలిగితే పని ముగించి వదిలేసేది. గొలుసు ఎంత పొడవైతే పట్టు అంత గట్టిది.

పట్టుకొన్నదానిని మళ్లీ విడిపించడం ఎలా? ఆమ్లమో క్షారమో పోస్తే ఎంజైము చెడిపోవచ్చు. అందుచేత వారు పొట్టి పాలీప్రోలీన్ ముక్కలను కరిగించి గొట్టంలో పోశారు. ఎంజైము పూసలమీది గొలుసును వదలి, నీటిలోని ముక్కలను పట్టుకొని క్రిందికి దిగివచ్చింది. ఆ ముక్కలు చాలా చిన్నవి. ఎంజైము అణుభారం సుమారు 2,40,000. కనుక ఇక్కడ మళ్లీ పాత జల్లెడే పనికివచ్చింది.

ఇలా శుద్ధిచేసిన ఎంజైములో రెండు రకాల భాగాలు రెండేసి ఉన్నాయి. వాటిలో ఒక రకం, మాంసకృత్తులలో గంధకపు బంధాలను సరిదిద్దే మరొక ఎంజైమేనని 1987లో తేలింది.

అయితే ఈ ఎర అన్నింటికీ పనికిరాదు. 1995లో ఇదే పనిచేసే రెండవ రకపు హైడ్రాక్సిలేజ్ ఒకటి బయటపడింది. మృదులాస్థి కణాలలో ఎక్కువగా ఉండేది అదే. పాలీప్రోలీన్‌ను అది అంతగా లెక్కచేయదు.