బరువు తగ్గాలంటే ముందు నడుముకు పురికొస చుట్టి చూడండి

"బరువు తగ్గండి" అని మందుల చీటీ కింద మేము తరచు రాస్తూ ఉంటాము. షుగరుకు వచ్చినవారికీ, బి.పి.కి వచ్చినవారికీ, మోకాళ్ళ నొప్పులతో వచ్చినవారికీ ఆ మాట తప్పదు. అయితే ఎంత తగ్గాలి, ఎలా తగ్గాలి అన్నది ఓ.పి. వరుసలో నిలబడి మాట్లాడుకునేంత చిన్న విషయం కాదు. అందుచేత ఈసారి ఇక్కడ కాస్త వివరంగా చెబుతున్నాము.

"నేను లావుగా లేనండీ, పొట్ట మాత్రమే కొంచెం ఉంది" అని చాలామంది అంటారు. చిక్కంతా ఆ పొట్టతోనే. కాళ్ళు, చేతులు సన్నగా ఉండి పొట్ట ముందుకు రావడం మన దేశంలో ఎక్కువగా కనిపిస్తుంది. 2004లో పూణేకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ యడ్కిన్ తమ ఇద్దరి ఫోటోనే లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించారు. ఎత్తుకు తగిన బరువు ఉందో లేదో చెప్పే బి.ఎం.ఐ. ఇద్దరికీ ఒకటే, 22.3. కాని ఒంట్లో కొవ్వు ఇంగ్లీషు డాక్టరుగారికి 9.1 శాతం, మన డాక్టరుగారికి 21.2 శాతం! అందుకే మనవారికి బి.ఎం.ఐ. 23 చేరితే అధిక బరువు అనీ, 25 చేరితే స్థూలకాయం అనీ లెక్కవేస్తారు. పొట్ట లోపల, కాలేయంలో పేరుకున్న కొవ్వు ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వదు. షుగరు వ్యాధికి చాలామందిలో అక్కడే పునాది పడుతుంది.

త్రాసు లేకపోయినా ఇంట్లోనే చూసుకోవచ్చు. మీ ఎత్తుకు సరిపడా పురికొస తెంచి, దానిని సగానికి మడవండి. నిలబడి, ఊపిరి వదిలి, బొడ్డుకు కాస్త పైగా నడుము చుట్టూ పట్టండి. రెండు చివరలూ కలిస్తే మంచిది. కలవకపోతే ఈ వ్యాసం మీ కోసమే. టేపు ఉంటే మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదు అని గుర్తు పెట్టుకోండి.

ఎంత తగ్గాలి?

80 కిలోల మనిషి 60కి దిగిపోవాలని మేము అడగడం లేదు. షుగరు వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్నవారి మీద అమెరికాలో చేసిన ఒక పెద్ద పరిశోధన ఫలితాలు 2002లో వచ్చాయి. బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు వ్యాయామం చేయడం, ఇవే అక్కడ పెట్టుకున్న గురి. అలా చేసినవారిలో షుగరు వచ్చే ప్రమాదం 58 శాతం తగ్గింది. 80 కిలోలకు 7 శాతం అంటే ఐదున్నర కిలోలు, అంతే. మన పక్కనే చెన్నై వైద్యులు చేసిన ఇటువంటి పరిశోధన 2006లో వెలువడింది. అక్కడ ప్రమాదం 28.5 శాతం తగ్గింది. విశేషం ఏమంటే, వారి బరువు పెద్దగా తగ్గకుండానే ఆ మేలు కలిగింది! కాబట్టి త్రాసులో ముల్లు కదలడం లేదని నడక మానేవారు ఈ సంగతి గమనించాలి.

మోకాళ్ళ మాట కూడా చెప్పాలి. ఒక కిలో బరువు తగ్గితే, వేసే ప్రతి అడుగులో మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. నొప్పి వల్ల నడవలేక, నడవక బరువు పెరిగి, బరువు వల్ల నొప్పి హెచ్చే వారికి ఇది చిన్న విషయం కాదు.

నడక ఒక్కటే చాలదు

70 కిలోల మనిషి అరగంట చురుకుగా నడిస్తే సుమారు 130 నుంచి 150 కేలరీలు ఖర్చవుతాయి. ఒక్క పెద్ద చెంచా నూనెలో, అంటే 15 మిల్లీలీటర్లలో, సుమారు 125 కేలరీలు ఉంటాయి. నడిచి వస్తూ దారిలో మిరపకాయ బజ్జీలు తింటే ఏమి మిగులుతుందో మీరే లెక్క కట్టండి.

అందుకని ముందు నూనె డబ్బా చూడండి. నలుగురున్న ఇంట్లో నెలకు 5 లీటర్లు అయిపోతే, మనిషికి రోజుకు 40 మిల్లీలీటర్లకు పైనే పడుతున్నట్టు. దానిని 3 లీటర్లకు తెస్తే ఒక్కొక్కరికి రోజుకు 135 కేలరీల దాకా తగ్గుతాయి. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలు ఉంటాయి కనుక, నెలకు అర కిలో లెక్క అక్కడే తేలుతుంది. తాలింపు డబ్బా వంచి పోయకుండా చెంచాతో కొలిచి వేయండి చాలు. టీలో చక్కెర కూడా ఇటువంటిదే. రెండేసి చెంచాలతో రోజుకు ఐదు టీలు తాగితే 200 కేలరీలు.

"అన్నం మానెయ్యమంటారా?" మానవద్దు. మన భోజనంలో అన్నం పప్పులోకి ఒకసారి, చారులోకి ఒకసారి, పెరుగులోకి ఇంకోసారి వడ్డిస్తాము. ప్రతిసారీ 'కొంచెమే' అనిపిస్తుంది. అలా కాకుండా, తినదలచిన అన్నమంతా ఒకేసారి పెట్టించుకుని మూడు భాగాలు చేసుకోండి. దాని పక్కన అంతే కూర ఉండాలి, నంజుకునేంత కాదు. రోజు మొత్తం మీద ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం మించకూడదని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సూచించింది. జొన్నరొట్టె మంచిదే. అందులో పీచు ఎక్కువ. అయితే బియ్యానికీ జొన్నలకూ కేలరీలలో పెద్ద తేడా లేదు. నాలుగు రొట్టెలు నెయ్యి రాసుకుని తింటే బరువు తగ్గదు.

ఇంటి ఇల్లాళ్ళకు ఒక మాట. అందరూ తిన్నాక గిన్నెలో మిగిలిన అన్నం, పిల్లలు వదిలేసిన ముద్ద పారేయలేక మీరే తింటున్నారు. అన్నం పారేయకూడదన్నది మంచి నియమమే. అయితే దానిని కాపాడవలసిన చోటు బియ్యం కొలిచే దగ్గర. పావు గ్లాసు తగ్గించి వండండి. మిగిలితే మర్నాటికి చద్దన్నంగా ఉంచండి.

"ఇంటి పనంతా నేనే చేస్తాను, మళ్ళీ వ్యాయామం ఎందుకు?" అని కూడా అడుగుతారు. పని నిజమే, అలసటా నిజమే. కాని రుబ్బురోలు పోయి గ్రైండరు, బావి పోయి మోటారు వచ్చాయి. ఊపిరి వేగం పెంచే పని తగ్గిపోయింది. మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేనంత వేగంతో రోజుకు అరగంట నడవండి. వీధిలో వీలుకాకపోతే డాబా మీద, అదీ లేకపోతే మూడు పూటలా భోజనం తరువాత పది నిమిషాల చొప్పున. భోజనం తరువాతి నడక షుగరును కూడా అదుపులో ఉంచుతుంది. మోకాళ్ళ నొప్పి ఉన్నవారు కుర్చీలో కూర్చుని కాలు చాచి, పది లెక్కపెట్టే వరకు నిలిపి దించండి. మా ఫిజియోథెరపీ విభాగంలో అడిగితే చేసి చూపిస్తారు.

రెండు మూడు నెలల తరువాత తగ్గుదల ఆగినట్టు అనిపిస్తుంది. తేలికైన శరీరానికి తక్కువ శక్తి చాలు కనుక అలా జరుగుతుంది. ఆ సమయంలోనే పొడులూ, బెల్టులూ అమ్మేవారి మాటలు చెవికెక్కుతాయి. డబ్బు పాడుచేసుకోకండి.

షుగరుకు ఇన్సులిన్ గాని మాత్రలు గాని వాడేవారు మమ్మల్ని అడగకుండా పూట భోజనం మానకూడదు. నడకకు వెళ్ళేటప్పుడు జేబులో కాస్త చక్కెర ఉంచుకోండి, చెప్పులు లేకుండా నడవకండి. నడుస్తుండగా ఛాతీలో బరువుగా, నొప్పిగా అనిపిస్తే వెంటనే ఆగి ఆసుపత్రికి రండి. ఇక ఏ ప్రయత్నమూ చేయకుండానే బరువు తగ్గుతున్నారా? సన్నబడ్డామని సంతోషించకండి. అదుపు తప్పిన షుగరు, క్షయ వంటివి అలాగే బయటపడతాయి. అటువంటివారు ఆలస్యం చేయకుండా పరీక్షకు రావాలి.