చలి ముదరని చలికాలం

చలికాలం వెచ్చగా గడిచిపోతే అడవి జీవులకు కష్టం తప్పిందనుకోవడం మనుషులకు సహజమే అయినా, బ్రిటన్ వంటి శీతల దేశాల్లో గత కొన్ని దశాబ్దాల అనుభవం ఈ అభిప్రాయాన్ని పూర్తిగా బలపరచడం లేదు. చలి తగ్గడం వల్ల ఏ జీవికి మేలు, ఏ జీవికి కీడు అన్నది ఆ జీవి ఎంత చలిని తట్టుకోగలదన్న దానిమీద కంటే, చలికాలాన్ని అది ఏ పద్ధతిలో దాటుతుందన్న దానిమీద ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. మేలుకొని తిరుగుతూ దొరికినది తిని బతికే గుంటనక్కకు వెచ్చని డిసెంబరు కలిసివచ్చే కాలం కాగా, ఒంట్లో దాచుకున్న కొవ్వును నమ్ముకుని నెలల తరబడి నిద్రపోయే జీవికి అదే డిసెంబరు దాచుకున్నదంతా ముందుగానే కరిగించివేసే కాలం. కాబట్టి ఎవరి మీద జాలిపడాలో తేల్చుకోవడానికి మనిషి ఒంటికి తగిలే చలి సరైన కొలబద్ద కాదు.

బ్రిటన్ వాతావరణ లెక్కల్లో డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలలను కలిపి శీతాకాలంగా పరిగణిస్తారు. ఆ దేశానికి గట్టి చలి తూర్పున ఉన్న ఐరోపా ఖండం వైపు నుంచి వీచే పొడిగాలులతోనూ, వెచ్చదనం నైరుతిలోని అట్లాంటిక్ మహాసముద్రం మీదుగా వచ్చే తేమగాలులతోనూ వస్తుంది కనుక, అక్కడ వెచ్చని చలికాలమంటే చాలావరకు వానల చలికాలమే. 2015 డిసెంబరులో దేశం మొత్తం మీద సగటు ఉష్ణోగ్రత 7.9 డిగ్రీల సెల్సియస్‌కు చేరి, ఆ నెలకు మామూలుగా ఉండవలసిన దానికంటే సుమారు 4 డిగ్రీలు ఎక్కువగా నమోదు కాగా, అదే నెల మొదటి వారంలో వాయవ్య ఇంగ్లండులోని హానిస్టర్ కనుమ దగ్గర 24 గంటల్లో 341.4 మిల్లీమీటర్ల వాన కురిసింది. 2019 ఫిబ్రవరి 26న లండన్‌లోని క్యూ ఉద్యానంలో ఉష్ణోగ్రత 21.2 డిగ్రీలను తాకింది. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందని చెప్పుకునే తెలుగు పాఠకులకు ఫిబ్రవరి చివర ఆ మాత్రం వెచ్చదనం వింతగా తోచకపోవచ్చు గాని, చెట్లు ఇంకా మోడులుగానే నిలిచి, పురుగూ పుట్రా మేలుకోని ఆ దేశంలో అది కాలం కాని కాలం. అలాగని పాతకాలపు చలి దయగలదేమీ కాదు. 1962–63 నాటి భీకరమైన చలికాలంలో బ్రిటన్‌లోని రెన్ అనే బుల్లి పిట్టల్లో నాలుగింట మూడు వంతులకు పైగా చనిపోయాయి. చలికాలం వెచ్చబడితే అటువంటి పిట్టలకు ప్రాణాలు దక్కుతాయన్నది కాదనలేని నిజం.

ఇక్కడ గుంటనక్క అనే మాటను కాస్త వివరించాలి. తెలుగులో నక్క అన్నప్పుడు సాధారణంగా ఉద్దేశించేది ఊళలు వేస్తూ పొలాల గట్ల మీద తిరిగే జంతువును. జిత్తుల కథలన్నీ దాని ఖాతాలోవే. దానికంటే చిన్నదై, కుచ్చుతోకతో, మెట్టనేలల్లో బొరియలు తవ్వుకుని బతికేది గుంటనక్క. కర్నూలు ప్రాంతంలోని రోళ్ళపాడు గడ్డి మైదానాల్లో కనిపించేది ఇదే. బ్రిటన్‌లోని ఎర్ర గుంటనక్క ఈ రెండో దానికి దగ్గరి చుట్టం. రెండు ప్రపంచ యుద్ధాల మధ్యకాలంలో లండన్ వంటి నగరాల అంచుల్లో పెరటితోటలున్న ఇళ్ళు బారులు తీరినప్పుడు అది పల్లెలనుంచి ఆ పెరళ్ళలోకి చేరి, అక్కడి గుడిసెల కిందా రైలుకట్టల పక్కనా కాపురం పెట్టి, ఇప్పుడు నగరజీవిగానే స్థిరపడిపోయింది.

గుంటనక్క శీతాకాలంలో నిద్రపోదు. శరదృతువులో ఒత్తుగా పెరిగిన బొచ్చును కప్పుకుని, మిగిలిన తిండిని మట్టిలో పాతిపెట్టి మళ్ళీ తవ్వుకుంటూ, ఎలుకల్నీ రాలిన పండ్లనీ చెత్తడబ్బాల్లోని మిగుళ్ళనీ వెదుక్కుంటూ కాలక్షేపం చేస్తుంది. చలి ముదరని రాత్రి దానికి ప్రత్యేకంగా కలిసివచ్చేది వానపాముల విషయంలో. నేల గడ్డకట్టుకుపోతే వానపాములు లోతుకు దిగిపోతాయి గాని, వెచ్చని తడి రాత్రుల్లో అవి తోకను బొరియలోనే తగిలించి ఉంచి, మిగిలిన ఒంటిని గడ్డిమీదికి చాస్తాయి. గుంటనక్క చెవులు నిక్కబొడుచుకుని మెల్లగా నడుస్తూ, గడ్డిలో అతి సన్నని రాపిడి విని చటుక్కున మూతి దించి, వానపామును ముందుపళ్ళతో పట్టుకుంటుంది. పట్టుకున్న వెంటనే లాగితే అది తెగిపోతుంది కనుక, ఒక్క క్షణం బిగువుగా అలాగే ఆపి, పట్టు సడలగానే మొత్తం పామును బయటికి తీస్తుంది. చెత్తడబ్బాల దొంగగానే దానిని ఎరిగిన నగరవాసులు ఈ ఓపికను చూసే అవకాశం తక్కువ.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాటి జతకట్టే కాలం. ఆడ గుంటనక్క ఏడాది మొత్తంలో గర్భం ధరించగలిగేది మూడు రోజుల పాటు మాత్రమే కాబట్టి, మగవి దానిని నీడలా వెంటాడుతాయి. జనవరి రాత్రుల్లో ఎవరినో గొంతు నులుముతున్నట్లు వినిపించే కీచుకేకలు ఈ సందడిలోవే. బ్రిటన్‌కు కొత్తగా వెళ్ళిన తెలుగు కుటుంబాలకు ఆ కేకలు మొదట గుండె జారేటట్లు చేసినా, అవి ఆపదకు గుర్తు కావు, ఆదుకోవలసిన పనీ లేదు. సుమారు 52 రోజుల తర్వాత, ఎక్కువగా మార్చి నెలలో, నాలుగైదు పిల్లలు పుడతాయి. చలికాలం చివర పెరటి గుడిసెలను పడగొట్టేవారు, వాటి కింది కన్నాలను పూడ్చేవారు ముందుగా లోపల ఏమైనా ఉన్నాయేమో చూసుకోవడం వాటికి నిజంగా అవసరమైన సాయం.

తిండి పెట్టడం సంగతి వేరు. నేల గడ్డకట్టని ఏడాది గుంటనక్కకు ఆకలి బాధ అంతగా ఉండదు కనుక, రోజూ పెరట్లో పళ్ళెం పెట్టడం దాని అవసరం కంటే పెట్టేవారి ముచ్చటకే ఎక్కువగా ఉపకరిస్తుందని చెప్పవలసి వస్తుంది. పైగా ఒకే పళ్ళెం దగ్గరికి పలు జంతువులు చేరడం వల్ల రోగం కూడా చేరుతుంది. గుంటనక్కలను పీడించేది ఒక రకం గజ్జి. కంటికి ఆనని పురుగు చర్మంలో సొరంగాలు తవ్వి గుడ్లు పెట్టడం వల్ల దురద పుట్టి, గోకి గోకి బొచ్చంతా రాలిపోయి, చర్మం చెక్కలు కట్టి, చివరికి జంతువు బక్కచిక్కి చనిపోతుంది. గుంటనక్కలు చాలా దట్టంగా ఉండే బ్రిస్టల్ నగరంలో 1994లో ఈ గజ్జి ప్రవేశించి, రెండేళ్ళు తిరగకుండానే అక్కడి గుంటనక్కల్లో 95 శాతానికి పైగా తుడిచిపెట్టింది. బొచ్చు రాలిన గుంటనక్కకు మాత్రం వెచ్చని చలికాలం కూడా కఠినమైనదే, ఎందుకంటే మంచు కంటే ఎడతెగని వానే ఆ ఒంటిని ఎక్కువగా చల్లారుస్తుంది. అటువంటి దానిని చూసి రొట్టెముక్కలో మందు పెట్టి పెరట్లో ఉంచేవారి మనసు మంచిదే కాని, ఆ ముక్క ఎవరి నోట పడుతుందో చెప్పలేము. ఈ పురుగును చంపే ఐవర్‌మెక్టిన్ మందు కాలీ జాతి కుక్కల్లో చాలావాటికి ప్రాణాంతకం కావచ్చు. వన్యప్రాణి చికిత్స తెలిసిన వారికి కబురు చేయడమే మేలు. పక్షుల విషయంలోనూ ఇదే చిక్కు ఎదురైంది: 2005 తర్వాత గింజలు పెట్టే బుట్టల దగ్గర ట్రైకొమొనాస్ అనే ఏకకణజీవి వల్ల వచ్చే గొంతురోగం వ్యాపించి, గ్రీన్‌ఫించ్ పిట్టలు ఎంతగా తగ్గిపోయాయంటే, 2021లో వాటిని ఆ దేశపు పక్షుల ఎర్ర జాబితాలో, అంటే అత్యంత ఆందోళనకరమైన స్థితిలో ఉన్నవాటి పట్టికలో చేర్చవలసి వచ్చింది. బుట్టలను కడిగి ఆరబెట్టడం గింజలు పోయడమంత ముఖ్యమని అక్కడివారికి అప్పుడు తెలిసివచ్చింది.

వెచ్చని చలికాలంలో అసలు కష్టం హెడ్జ్‌హాగ్ వంటి జీవులది. ఇది తెలుగునాట ముళ్ళపంది అని పిలిచే పెద్ద జంతువు కాదు. దోసిట్లో పట్టేంత ఉండి, వీపంతా పొట్టి ముళ్ళతో, భయపడితే బంతిలా చుట్టుకుపోయే పురుగులవేటరి. దాని తిండి పేడపురుగులు, గొంగళిపురుగులు, వానపాములు. చలికాలంలో పురుగులు కరువవుతాయి కనుక అది శీతాకాల సుప్తావస్థలోకి వెళుతుంది. సుప్తావస్థ అంటే మామూలు నిద్ర కాదు, దేహం తన పనులన్నిటినీ దాదాపు ఆపివేసుకోవడం: నిమిషానికి 190 సార్లు కొట్టుకునే గుండె 20 సార్లకు దిగుతుంది, 35 డిగ్రీల ఒంటివేడి 10 డిగ్రీలకో అంతకు తక్కువకో పడిపోతుంది. ఇందుకోసం అది కట్టుకునే గూడు చూడదగినది. పొదల అడుగున ఎండుటాకులను నోటితో తెచ్చి కుప్పపోసి, ఆ కుప్పలోకి దూరి లోపల గుండ్రంగా తిరుగుతూ ముళ్ళతో సర్దుతుంటే, ఆకులు విస్తళ్ళు పేర్చినట్లు ఒకదానిపై ఒకటి అణిగి, వాన దిగని మందపాటి గోడగా తయారవుతాయి.

ఈ ఏర్పాటు పొదుపు మీద నడుస్తుంది. హెడ్జ్‌హాగ్ దేహం అతి తక్కువ కొవ్వును ఖర్చుచేసేది చుట్టూ ఉష్ణోగ్రత 4 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడని పరిశోధనల్లో తేలింది. అంతకంటే చలి పెరిగితే గడ్డకట్టకుండా కాపాడుకోవడానికి, వేడి పెరిగితే జీవక్రియ వేగం హెచ్చడం వల్ల, రెండు విధాలా ఖర్చు పెరుగుతుంది. మామూలు చలికాలంలో కూడా అది అప్పుడప్పుడూ మేలుకుంటుంది. అలా మేలుకునేటప్పుడు భుజాల దగ్గర దాచుకున్న గోధుమరంగు కొవ్వును, అంటే వేడి పుట్టించడానికే ప్రత్యేకించిన కొవ్వును మండించి, కొన్ని గంటలపాటు ఒళ్ళు వణికిస్తూ వేడెక్కవలసి ఉంటుంది. ఒక్కసారి లేచినందుకు చాలా రోజుల నిద్రకు సరిపడే కొవ్వు కరిగిపోతుంది. డిసెంబరులో పది రోజులు వెచ్చబడి, మళ్ళీ చలి కమ్మి, జనవరిలో ఇంకోసారి వెచ్చబడితే, అది లేచినప్పుడల్లా తినడానికి పురుగులు సరిగా దొరకక, మళ్ళీ పడుకోవడానికి తగిన నిల్వ మిగలక, మార్చిలో వసంతం వచ్చే వేళకు గూట్లోనే ప్రాణం విడవవచ్చు. వరదనీరు గూటిలోకి వస్తే కట్టుకున్నదంతా వదిలి నడిచలికాలంలో కొత్త గూడు వెదుక్కోవాలి. సెప్టెంబరులో పుట్టిన రెండో కాన్పు పిల్లల పరిస్థితి మరీ కష్టం, ఎందుకంటే సుమారు అరకిలో బరువైనా ఎదగనిది చలికాలాన్ని దాటడం అరుదు.

2020లో ప్రకటించిన బ్రిటన్ క్షీరదాల ఎర్ర జాబితాలో హెడ్జ్‌హాగ్‌ను అంతరించే ముప్పునకు గురికాగల జాతిగా చేర్చారు కాబట్టి, జాలి చూపదలచినవారు గుంటనక్క కంటే ముందు దీనిని తలచుకోవడం న్యాయం. గూట్లో ఉన్నదాన్ని లేపకూడదు, ఆకుకుప్పలను తగలబెట్టకూడదు, వెచ్చని రాత్రుల్లో లేచి తిరిగేదానికి ఒక గిన్నెలో నీళ్ళూ, మరో గిన్నెలో కాస్త మాంసపు పిల్లితిండీ పెట్టవచ్చు. పాలు మాత్రం పోయరాదు. పాలలోని చక్కెరను అరిగించుకోలేక దానికి విరేచనాలు పట్టుకుంటాయి. పట్టపగలు తూలుతూ తిరిగే హెడ్జ్‌హాగ్ ఎండ కాచుకుంటున్నదనుకోవడం పొరపాటు, అది చికిత్స అవసరమైన జీవి.

నేలమీద ఆకుల మధ్య బంతిలా ముడుచుకుని ఆరు నెలలు నిద్రించే డార్‌మౌస్ అనే బంగారురంగు చిట్టెలుకదీ, ఇళ్ళ అటకల్లో రెక్కలు మూసుకుని వేలాడే పీకాక్ సీతాకోకచిలుకదీ ఇంచుమించు ఇదే కథ. గది వెచ్చబడి సీతాకోకచిలుక లేస్తే, దానిని చల్లని కొట్టంలోకి చేర్చడం వల్ల మళ్ళీ నిద్ర పడుతుంది. దీనికి భిన్నంగా ఒక జాతి తుమ్మెద 1990ల నుంచి దక్షిణ ఇంగ్లండు తోటల్లో చలికాలంలోనూ గూడు నడుపుతూ, మహోనియా అనే పచ్చపూల పొద మీద తేనె తాగుతూ కనిపిస్తున్నది. అయితే ఆ సౌకర్యం మనుషులు నాటిన పొదల పుణ్యం, పొలిమేరల్లోని అడవి దానికి ఆ పూలను ఇవ్వలేదు. స్కాట్లండు కొండకుందేలుకు ఇంకో రకమైన ఇబ్బంది వచ్చింది. అది పగటి నిడివి తగ్గడాన్ని బట్టి తెల్లబొచ్చు తొడుగుతుంది గాని మంచును చూసి కాదు. ఇటీవలి దశాబ్దాల్లో మంచు నిలిచే రోజులు బాగా తగ్గినా బొచ్చు మారే తేదీలు మాత్రం కదలకపోవడంతో, గోధుమరంగు కొండవాలు మీద తెల్లగా మెరుస్తూ గద్దలకు దూరం నుంచే కనిపిస్తున్నది.

చలికాలం వెచ్చబడటం ఎర్ర గుంటనక్కకు లాభమన్న మాటకు ఉత్తరాన, నార్వే, స్వీడన్, ఫిన్లండు కొండల్లో, మరో పక్క ఉంది. అక్కడ ఎర్రదాని కంటే చిన్నదైన ఆర్కిటిక్ గుంటనక్క ఉంటుంది; చలికాలంలో తెల్లబడే దాని బొచ్చు కోసం వేటాడి పంతొమ్మిదో శతాబ్దాంతానికి, ఇరవయ్యో శతాబ్దారంభానికి దాదాపు నిర్మూలించగా, స్వీడన్ 1928లో, నార్వే 1930లో, ఫిన్లండు 1940లో రక్షణ కల్పించాయి. రక్షించినా అది తేరుకోలేదు. దాని ముఖ్యమైన తిండి లెమ్మింగ్ అనే ఎలుక. నేలకూ పైన పేరుకున్న మంచుకూ మధ్య ఏర్పడే సందులో, మంచునే దుప్పటిగా చేసుకుని, ఆ ఎలుకలు చలికాలంలో కూడా పిల్లలను కంటాయి. చలికాలంలో మంచుకు బదులు వాన పడి గడ్డకడితే ఆ సందు మూసుకుపోయి, నాచు మంచుగడ్డలో చిక్కి, ఎలుకలకు తిండీ చోటూ కరువవుతాయి. మూడు నాలుగేళ్ళకోసారి లెమ్మింగ్‌లు విపరీతంగా పెరిగే పద్ధతి దక్షిణ నార్వేలో 1990ల మధ్య నుంచి చెదిరిపోవడానికి ఇది కారణమని పరిశోధకులు చూపించారు. ఇక ఎర్ర గుంటనక్క ఎంత ఉత్తరానికి పోగలదో అక్కడ దొరికే తిండి నిర్ణయిస్తుందనీ, ఆర్కిటిక్ గుంటనక్క ఎంత దక్షిణానికి రాగలదో ఎర్రది నిర్ణయిస్తుందనీ పాల్ హెర్‌స్టెయిన్సన్, డేవిడ్ మెక్‌డొనాల్డ్ 1992లో ప్రతిపాదించారు. చలి పలచబడిన కొద్దీ, మనుషులు పారేసే తిండి కొండలమీదికి పాకిన కొద్దీ, ఎర్రది పైకెక్కి తెల్లదాని పాత బొరియలను ఆక్రమిస్తున్నది.

2000 నాటికి ఆ మూడు దేశాల్లోనూ కలిపి వంద లోపే మిగిలిన పెద్ద ఆర్కిటిక్ గుంటనక్కల కోసం నార్వే ప్రభుత్వం వాటిని ఆవరణల్లో పెంచి కొండల్లో వదలడం మొదలుపెట్టింది. సంఖ్య మెల్లగా పెరిగి, ఫిన్లండులో 1996 తర్వాత మళ్ళీ 2022లో ఒక ఈత పిల్లలు పుట్టాయి. లండన్ పెరళ్ళలో పళ్ళేలు పెట్టించుకునే ఎర్ర గుంటనక్కను ఈ కొండల్లో వేటాడి తగ్గిస్తున్నారు. లెమ్మింగ్‌లు కరువైన ఏళ్ళలో ఆకలికి పిల్లలు చనిపోకుండా, బొరియల దగ్గర డబ్బాలు అమర్చి కుక్కల తిండి గుళికలు నింపుతారు. ఆ డబ్బా ద్వారాన్ని మూడు నాలుగు కిలోల తెల్లది సులువుగా దూరేటంత, దానికి రెండింతలు తూగే ఎర్రది తల మాత్రం పెట్టి వెనక్కి మళ్ళేటంత వెడల్పుకే కొలిచి చేస్తారు.