ఫ్యాక్స్ మిషన్ – మన కాగితం క్షేమంగా చేరాలంటే



ఈ పత్రికలో మేము బి.పి. గురించి, షుగరు గురించి, పసిపిల్లల టీకాల గురించి వ్రాస్తూ ఉంటాము. ఈసారి ఆఫీసు గదిలో మూలన కూర్చునే ఒక మిషన్ గురించి వ్రాస్తున్నాము. మందుకీ సూదికీ సంబంధం లేని వస్తువు గురించి మాకెందుకు అని మీరు అనుకోవచ్చు. కాని రోగి కాకినాడకో, రాజమండ్రికో, వేలూరుకో వెళ్లినప్పుడు అతని వెంట వెళ్లేది అతని కాగితమే. ఆ కాగితం సరిగ్గా చేరకపోతే పరీక్షలన్నీ మళ్లీ మొదటి నుండి చేయవలసి వస్తుంది. ఒక్కోసారి మందు మోతాదే మారిపోతుంది. అందుచేత ఈ మిషన్‌ను అమర్చుకోవడం, కాపాడుకోవడం, దానిలోనుండి వచ్చిన కాగితాన్ని ఇంట్లో భద్రపరచుకోవడం గురించి తెలిసినంతవరకు సులభంగా చెబుతాము. సంఘ కార్యాలయాల్లో, పాఠశాలల్లో, దుకాణాల్లో ఈ మిషన్ ఉన్నవారికి కూడా ఇది ఉపయోగపడుతుంది.

ఫ్యాక్స్ ఎలా పుట్టింది?

ఇది కొత్త వస్తువని చాలామంది అనుకుంటారు. నిజానికి టెలిఫోను కంటే ముందే పుట్టింది. స్కాట్లాండుకు చెందిన గడియారాల పనివాడు అలెగ్జాండర్ బెయిన్ 1843లో తీగ మీద బొమ్మను పంపే పద్ధతికి పేటెంటు పొందాడు. ఇటలీ దేశస్థుడు కాసెల్లి తయారుచేసిన యంత్రం 1865లో పారిస్, లియాన్ నగరాల మధ్య పనిచేసింది. ఏ కంపెనీ మిషన్ అయినా మరో కంపెనీ మిషన్‌తో మాట్లాడగలిగేలా ప్రపంచమంతటికీ ఒకే నియమావళి 1980లో వచ్చింది. ఆ తరువాతే ఫ్యాక్స్ ఊరూరా వ్యాపించింది. మన వైపు కూడా బోర్డుల మీద “ఎస్.టి.డి., ఐ.ఎస్.డి., జిరాక్స్, ఫ్యాక్స్” అని వరుసగా వ్రాసి ఉండే రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. 2000ల దశాబ్దంలో ఆరోగ్య బీమా ఉన్న రోగికి ఆపరేషన్ అనుమతి రావాలంటే ఆసుపత్రులు ఫ్యాక్స్ దగ్గరే కాచుకుని కూర్చునేవి.

ఇప్పుడు ఆ పని చాలావరకు ఈ-మెయిలుకు, కంప్యూటరుకు, సెల్ ఫోనుకు మారిపోయింది. ఇంగ్లాండులోని ప్రభుత్వ ఆసుపత్రులు 2019 జనవరి నుండి కొత్త ఫ్యాక్స్ మిషన్లు కొనరాదని, 2020 మార్చి 31 నాటికి వాడకం పూర్తిగా మానాలని ఆదేశం వచ్చింది. అయినా పాత మిషన్లు ఉన్న ఆఫీసులు ఇంకా ఉన్నాయి. ఉన్న వస్తువును సరిగ్గా వాడుకోవాలి. దాని నుండి నేర్చుకున్న జాగ్రత్తలు వాట్సాప్‌లో రిపోర్టు పంపేవారికి కూడా పనికివస్తాయి.

లోపల జరిగేది చుక్కల ముగ్గే

సంక్రాంతికి మన ఇంటి ముందు చుక్కలు పెట్టి ముగ్గు వేస్తాము కదా. ఫ్యాక్స్ మిషన్ కూడా కాగితాన్ని చుక్కలుగానే చూస్తుంది. పేజీని అడ్డంగా సన్నని వరుసలుగా విడగొట్టి, ఒక్కొక్క వరుసలో 1728 చోట్ల “ఇక్కడ నలుపా, తెలుపా” అని చూస్తుంది. మామూలు పద్ధతిలో ఒక ఎ-4 కాగితానికి సుమారు 1140 వరుసలు వస్తాయి. అంటే మొత్తం దాదాపు 20 లక్షల చుక్కలు. వీటిని ఉన్నదున్నట్టు పంపితే ఒక్క పేజీకి మూడు నిమిషాలు దాటుతుంది. అందుకని “ఇక్కడి నుండి ఇంత దూరం అంతా తెలుపే” అని కుదించి చెబుతుంది. ఆ కుదింపు వల్లనే మామూలు ఉత్తరం ఒక నిమిషం లోపే వెళ్లిపోతుంది. ఆ చుక్కల సమాచారాన్ని కూతగా మార్చి టెలిఫోను తీగ మీద పంపుతుంది. అవతలి మిషన్ ఆ కూతను విని మళ్లీ చుక్కలుగా ముద్రిస్తుంది. ఫోను ఎత్తినప్పుడు చెవిలో కీచుమని వినిపించేది ఆ కూతే.

ఇందులో గమనించవలసినది ఒకటి ఉంది. మామూలు పద్ధతిలో వరుసకీ వరుసకీ మధ్య పావు మిల్లీమీటరు ఎడం ఉంటుంది. “ఫైన్” అనే మీట నొక్కితే ఆ ఎడం సగానికి తగ్గుతుంది. పంపడానికి కొంచెం ఎక్కువ సేపు పట్టినా సన్నని అక్షరాలు నిలుస్తాయి. మందుల చీటీని, లాబ్ రిపోర్టును ఎప్పుడూ “ఫైన్”లోనే పంపాలి.

అమర్చేటప్పుడు

1. మిషన్‌ను గట్టి బల్ల మీద, ఎండ నేరుగా పడని చోట పెట్టాలి. కిటికీ పక్కన పెడితే వానాకాలంలో జల్లు, వేసవిలో దుమ్ము తప్పవు.

2. మూడు పిన్నుల సాకెట్టు, మంచి ఎర్తింగు ఉండాలి. ఫ్రిజ్, స్టెరిలైజర్ వంటి ఎక్కువ కరెంటు లాగే వాటితో ఒకే ప్లగ్గు పంచుకోరాదు.

3. మిషన్ వెనుక రెండు రంధ్రాలు ఉంటాయి. “లైన్” అని ఉన్నదానిలో గోడ నుండి వచ్చే టెలిఫోను తీగ పెట్టాలి. రెండవది విడి ఫోనుకు. ఈ రెండూ తారుమారైతే మిషన్ వెలుగుతుంది కాని పనిచేయదు.

4. అదే లైనుకు వేరే గదిలో ఇంకొక ఫోను ఉంటే, ఫ్యాక్స్ వెళ్తుండగా ఎవరైనా దానిని ఎత్తితే పేజీ మధ్యలో తెగిపోతుంది. వీలైతే విడి లైను ఉంచాలి. కాల్ వెయిటింగ్ సౌకర్యం ఉంటే తీయించివేయాలి. ఆ “టిక్ టిక్” శబ్దం కూడా చుక్కలను చెరుపుతుంది.

5. తేదీ, సమయం, సంస్థ పేరు, నంబరు మిషన్‌లో ఎక్కించాలి. ఇవి ప్రతి పేజీ పైన ముద్రించబడతాయి. రిపోర్టు ఎప్పటిది, ఎక్కడిది అని డాక్టరు గారికి తెలిసేది ఆ గీతను చూసే. తేదీ తప్పుగా ఉంటే పాత రిపోర్టును కొత్తదనుకునే ప్రమాదం ఉంది.

6. రాగి తీగ స్థానంలో ఫైబర్ వచ్చిన చోట ఫ్యాక్స్ తరచు మధ్యలో తెగిపోవచ్చు. మిషన్ వేగాన్ని 9600కు తగ్గిస్తే చాలాసార్లు సరిపోతుంది.

చుట్ట కాగితం వాడే మిషన్లలో ఒకవైపు మాత్రమే మందు పూత ఉంటుంది. ఏ వైపో తెలియాలంటే గోటితో గీయండి. నల్లని గీత పడిన వైపే పూత. తిరగవేసి పెడితే ఎన్ని ఫ్యాక్సులు వచ్చినా తెల్ల కాగితమే బయటికి వస్తుంది.

గోదావరి గాలికి తగిన జాగ్రత్త

మన డెల్టాలో కాలువల తేమ, వరి చేల తేమ ఇళ్లలోకి వస్తుంది. శ్రావణ భాద్రపదాల్లో కాగితం మెత్తబడి, రెండు మూడు అంటుకుని ఒకేసారి లోపలికి పోయి ఇరుక్కుంటాయి. కాగితాల కట్టను కవరు మూసి ఉంచి, వాడేముందు చేతితో విసనకర్రలాగా విదిలించి పెట్టాలి. పనయ్యాక మిషన్ మీద గుడ్డ కప్పాలి. వెచ్చదనం కోసం బల్లులు, చీమలు, బొద్దింకలు లోపల చేరతాయి. పక్కన టీ గ్లాసులు, బిస్కెట్లు పెట్టవద్దు.

నెలకొకసారి కరెంటు తీసివేసి, మిషన్ చల్లారిన తరువాత లోపలి గాజును నూలు రాని మెత్తని గుడ్డతో తుడవాలి. గుడ్డకు కొద్దిగా స్పిరిట్ అద్దవచ్చు కాని మిషన్ మీద పోయరాదు. పిన్నులు తీసిన తరువాతనే కాగితం పెట్టాలి. వైట్‌నర్ పూర్తిగా ఆరాలి.

తప్పు ఎక్కడ ఉందో తెలుసుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. అదే మిషన్‌లో “కాపీ” మీట నొక్కి ఒక కాగితాన్ని నకలు తీయండి. నకలులో నిలువు గీత వస్తే తప్పు మన మిషన్‌లోనే ఉంది. ఎక్కువసార్లు గాజు మీది మరకే కారణం. నకలు శుభ్రంగా ఉండి, బయటి నుండి వచ్చిన పేజీలో మాత్రమే గీతలుంటే తప్పు అవతలి మిషన్‌లోనో, లైనులోనో ఉంది. మెకానిక్కును పిలిచేముందు ఈ పరీక్ష చేస్తే డబ్బు మిగులుతుంది.

ఒక్క చుక్క తేడా

నర్సులుగా మాకు అన్నిటికంటే భయం కలిగించేది ఇది. మందు మోతాదులో దశాంశ చుక్క ఎంత చిన్నదో మీకు తెలుసు. ఫ్యాక్స్‌లో ఆ చుక్క మాయం కావచ్చు. గాజు మీది మరక లేని చుక్కను కలపవచ్చు. “1.0 మిల్లీగ్రాము” అని వ్రాస్తే చుక్క పోయి “10” అవుతుంది. పది రెట్ల మందు! “.5” అని వ్రాస్తే “5” అవుతుంది. ఇన్సులిన్‌కు యూనిట్లు అనడానికి “యు” అనే ఇంగ్లీషు అక్షరం వ్రాస్తే అది సున్నాలాగా కనిపించి 4 యూనిట్లు 40 అయ్యే ప్రమాదం ఉంది.

అందుచేత నర్సింగ్ విద్యార్థినులకు మేము నేర్పే సూత్రాలు ఇవి. పూర్తి సంఖ్య తరువాత చుక్క, సున్నా పెట్టవద్దు. ఒకటి అంటే 1 అనే వ్రాయాలి. అర అయితే ముందు సున్నా పెట్టి 0.5 అని వ్రాయాలి. యూనిట్లు అనే మాటను పూర్తిగా వ్రాయాలి. ఫ్యాక్స్‌లోగాని, సెల్ ఫోను ఫొటోలోగాని వచ్చిన మోతాదు మసకగా ఉంటే ఊహించి ఇవ్వరాదు. ఫోను చేసి, మందు పేరు, మోతాదు చెప్పించుకుని, విన్నదానిని తిరిగి చదివి వినిపించాలి. మీరు మందుల షాపుకు చీటీ ఫొటో పంపేటప్పుడు కూడా ఇదే పాటించండి. ఇంతకుముందు వాడిన మోతాదుకు తేడా కనిపిస్తే “ఏమండీ, ఇది సరేనా?” అని అడగడానికి మొహమాటపడవద్దు. ఆ ప్రశ్న మాకు ఏ మాత్రం కష్టం కలిగించదు.

“ఓకే” అంటే చదివారని కాదు

పంపిన తరువాత మిషన్ ఒక చిన్న చీటీ ఇస్తుంది. దాని మీద “ఓకే” అని ఉంటే అవతలి మిషన్ అందుకున్నదని మాత్రమే అర్థం. మనిషి అందుకున్నాడని కాదు. 2018 నవంబరు 21న జమ్మూ కాశ్మీరులో ప్రభుత్వం ఏర్పాటు చేస్తామని పంపిన ఉత్తరం గవర్నరు గారి కార్యాలయపు ఫ్యాక్స్‌కు చేరలేదని దేశమంతటా చర్చ జరిగింది. ఆ రోజు పండుగ సెలవని, మిషన్ దగ్గర ఎవరూ లేరని తరువాత గవర్నరు గారు చెప్పారు. రాజ్యపాలనలోనే అలా జరిగితే, ఆదివారం రాత్రి పంపిన రోగి రిపోర్టు సంగతి చెప్పనక్కరలేదు. అత్యవసరమైన కాగితం పంపిన వెంటనే ఫోను చేసి, ఎవరు తీసుకున్నారో పేరు అడిగి వ్రాసుకోవాలి.

ఇంకొక సంగతి. ఒక్క అంకె తప్పితే రిపోర్టు ఏ కిరాణా షాపుకో చేరుతుంది. రోగి రహస్యం ఊరందరిదీ అవుతుంది. హెచ్.ఐ.వి. ఉన్నవారి వివరాలను వారి అనుమతి లేకుండా బయటపెట్టరాదని 2017 నాటి చట్టం చెబుతుంది. అది 2018 సెప్టెంబరు 10 నుండి అమలులో ఉంది. కాబట్టి నంబరును ఇద్దరు చూసి నొక్కాలి. తరచు పంపే నంబర్లను మిషన్‌లోనే దాచుకోవాలి. పైన “ఇది ఫలానా వారికి మాత్రమే” అని ఒక పేజీ జతచేయాలి. వచ్చిన ఫ్యాక్సులను ట్రేలో వదిలివేయరాదు. వాట్సాప్ గ్రూపులో బంధువు రిపోర్టు పెట్టేముందు కూడా ఈ మాట తలచుకోండి.

ఇంట్లో ఉన్న ఈ.సి.జి. కాగితం చూసుకోండి

మీరు ఈ రోజే చేయవలసిన పని ఒకటి ఉంది. చుట్ట ఫ్యాక్స్ కాగితం, ఈ.సి.జి. కాగితం, గర్భిణీ స్కానింగ్ ఫొటో చాలావరకు ఒకే జాతివి. వీటిలో సిరా ఉండదు. వేడి తగిలిన చోట పూత నల్లబడుతుంది, అంతే. అందుకే ఎండ, వేడి, నూనె చేయి, స్పిరిట్, శానిటైజర్ తగిలితే గీతలు వెలిసిపోతాయి, లేదా కాగితమంతా నల్లబడుతుంది. కొన్ని రకాల ప్లాస్టిక్ కవర్లలో పెట్టినా అక్షరాలు మాయమవుతాయి.

గుండె నొప్పితో వచ్చిన ఒక పెద్దాయన కుటుంబసభ్యులు నాలుగేళ్లు జాగ్రత్తగా బీరువాలో దాచిన కవరు తెచ్చి ఇచ్చారు. విప్పి చూస్తే లోపల తెల్ల కాగితమే ఉంది. మరొకరు పాడవకూడదని లామినేషన్ చేయించారు. ఆ మిషన్ వేడికి ఈ.సి.జి. అంతా బొగ్గులా మారింది. పాత ఈ.సి.జి. పక్కన పెట్టి చూస్తే ఈ మార్పు ఇప్పుడు వచ్చిందా, ముందు నుండి ఉన్నదా అని డాక్టరు గారికి నిమిషంలో తెలుస్తుంది. పాతది లేకపోతే ఆ సహాయం పోయినట్టే.

కాబట్టి అటువంటి కాగితం చేతికి రాగానే మామూలు కాగితం మీద రెండు జిరాక్సులు తీయించండి. ఒకటి ఆసుపత్రి ఫైలులో, ఒకటి ఇంట్లో పెట్టండి. సెల్ ఫోనులో వెలుతురులో ఒక ఫొటో తీసి ఉంచండి. పేరు, తేదీ వెనుక బాల్ పెన్నుతో వ్రాయండి. వేడి లామినేషన్ చేయించవద్దు. పసిపిల్లల నోటికి ఈ కాగితాలు అందనివ్వవద్దు. వాటి పూతలో రసాయనాలు ఉంటాయి.

తుఫాను కాలంలో

1996 నవంబరు 6 రాత్రి తుఫాను మన ప్రాంతాన్ని ఎలా తుడిచిపెట్టిందో పెద్దలకు తెలుసు. కొబ్బరి చెట్లతోపాటు స్తంభాలు, తీగలు నేలకూలాయి. అటువంటి రోజున ఫ్యాక్స్ లేదు, సెల్ టవరు లేదు. ఉరుములు మెరుపులు మొదలైతే మిషన్ ప్లగ్గు, టెలిఫోను తీగ రెండూ తీసివేయాలి. ఒక్క ప్లగ్గు తీస్తే సరిపోదు, పిడుగు తీగ గుండా కూడా వస్తుంది. తీసేముందు మిషన్ లోపల దాచుకున్న పేజీలు ఉంటే ముద్రించుకోవాలి. కరెంటు పోతే కొన్ని మిషన్లలో అవి చెరిగిపోతాయి.

షుగరు, ఫిట్స్, గుండె జబ్బు, డయాలిసిస్ ఉన్నవారి కుటుంబాలకు మా మనవి. వారు వాడే మందుల పేర్లు, మోతాదులు, పడని మందులు, రక్తపు గ్రూపు ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో వ్రాసి, జిరాక్స్ తీసి, తడవని డబ్బాలో పెట్టుకోండి. ఏ తీగా, ఏ మిషనూ లేకపోయినా చేతిలోని ఆ కాగితం చూసి ఏ ఊరి నర్సయినా మందు ఇవ్వగలుగుతుంది. వ్రాయడం కష్టమైన పెద్దవారు మందుల చీటీలన్నీ పట్టుకుని ఓ.పి. రోజున మా దగ్గరకు రండి. సిస్టర్లు కూర్చోబెట్టి వ్రాసి ఇస్తారు.