ఆంగ్లపాఠమున ఆట యేల?

ఆంగ్లము క్రొత్తగా నేర్చుకొను తరగతిలో పిల్లల నాడించుట చూచి, కాలము వ్యర్థమగుచున్నదని కొందఱు తల్లిదండ్రులు శంకింతురు. ఆ యాటయే పాఠమని యిచట వివరింపదలచితిమి.

ఇంట తెలుగు మాత్రమే విను బాలునకు ఆంగ్లము పలుకుటలో గల పెద్ద చిక్కు మందబుద్ధి గాదు, సిగ్గు. తప్పు పలికిన తోడివారు నవ్వుదురను వెఱపున నోరు మూసికొనును. ఒకే విధమగు వాక్యమును పలుమాఱు పలుకనిదే నాలుక తిరుగదు. ఊరక పలుమాఱు పలికించిన విసుగు పుట్టును. ఈ రెండు చిక్కులను ఆట తీర్చును.

మొదటిది ఆజ్ఞల యాట. ఉపాధ్యాయుడు "టచ్ యువర్ నోస్" అని తన ముక్కును ముట్టును, పిల్లలును ముట్టుదురు. కొంతసేపటికి ముక్కు పేరు చెప్పి తాను చెవిని ముట్టును. మాట నాలకింపక చేతిని చూచి యనుకరించినవాడు ఓడును. ఇందు పిల్లలు పలుకవలసిన పని లేదు గావున సిగ్గునకు తావు లేదు. హెరాల్డు పామరను ఆంగ్లేయ పండితుడు జపానులో నున్న కాలమున, 1925లో, తన కుమార్తెతో గూడి యిట్టి పాఠములతో నొక గ్రంథమునే ప్రకటించెను.

రెండవది సంచి యాట. గుడ్డసంచిలో కలమో, తాళపుచెవియో, నిమ్మపండో దాచి, "ఈజ్ ఇట్ ఎ పెన్?" "ఈజ్ ఇట్ ఎ కీ?" అని వరుసగా నడిగింపవలెను. తెలుగున "ఇది కలము" అను దాని చివర దీర్ఘము చేర్చిన "ఇది కలమా?" యని ప్రశ్న యగును. ఆంగ్లమున "ఈజ్" అను మాట ముందునకు రావలెను. నలువదిమంది తలకొకసారి యడిగిన ఆ క్రమము నలువదిసారులు చెవిని బడును. అందఱి మనస్సును సంచి మీదనే యుండుటచే నెవరికిని విసుగు తోచదు.

మూడవది అట్టముక్కల యాట. "రామా", "ఎ మ్యాంగో", "ఏట్" అను మాటలు వ్రాసిన మూడు అట్టలను ముగ్గురు పిల్లలు పట్టుకొని, "రాముడు మామిడిపండు తినెను" అను తెలుగు క్రమమున నిలుతురు. ఆంగ్లక్రమమునకు మాఱుడనగానే, క్రియను పట్టినవాడు తుదినుండి నడుమకు పరుగిడును. సూత్రమును వల్లించుటకంటె నిట్లు పరుగిడి నేర్చినది మఱవకుండ నిలుచును.

ఈ యాటలకు నియమ మొక్కటి కలదు. తప్పు దిద్దుటకై ఆట నాపరాదు. ఉపాధ్యాయుడు ఆ వాక్యమును సరిగా నొకసారి పలికి సాగిపోవలెను. ఒకని తప్పునకు నవ్వినవారి పక్షమునకే గెలుపు తగ్గింపవలెను.

వ్రాతయు వర్ణక్రమమును ఆటచే మాత్రమే రావు. వానికి నిత్యాభ్యాసము వలయును. కాని నోరు తెరచిన బాలునకు ఆ యభ్యాసము భారముగా దోచదు.

తల్లిదండ్రులారా! మీకు ఆంగ్లము రాకున్నను కొఱత లేదు. సాయంకాలమున మీ బిడ్డను గురువుగా జేసి, ఆజ్ఞ లిమ్మని యడుగుడు. వాడు లెమ్మన్న లేచి, కూర్చుండుమన్న కూర్చుండుడు. తన మాటకు పెద్దలు కదలుట చూచిన బిడ్డ మఱునాడు తరగతిలో మౌనముగా నుండడు.