వాంగ్ కిమ్ ఆర్క్ చూపించిన కాగితం

అమెరికా గడ్డ మీద పుట్టిన బిడ్డ అమెరికా పౌరుడేనా? నూట పాతికేళ్ల కిందటే తేలిపోయిందనుకున్న ఈ ప్రశ్నను మళ్లీ విచారించడానికి అక్కడి సుప్రీంకోర్టు 2025 డిసెంబరు 5న ఒప్పుకుంది. వార్త రాగానే ఈ వారం ముఖచిత్ర కథనం ఇదేనన్నారు ఎడిటర్ గారు. తీర్పులు, ట్రంప్ ఉత్తర్వు, మనవాళ్ల వీసాల సంగతులు అన్నీ కలిపి బుధవారంలోగా ఇవ్వమన్నారు. అన్నీ చదివాను. తీర్పుల కట్టల కన్నా నన్ను ఎక్కువగా పట్టి ఆపింది మాత్రం 1894 నాటి ఒక కాగితం. శాన్‌ఫ్రాన్సిస్కో శివార్లలోని శాన్‌బ్రూనోలో, నేషనల్ ఆర్కైవ్స్‌లో అది భద్రంగా ఉంది. ఈ కథనంలో ఎక్కువ భాగం దాని చుట్టూనే తిరుగుతుంది.

ఆ ఏడాది నవంబరులో వాంగ్ కిమ్ ఆర్క్ అనే యువకుడు చైనా వెళ్లి రావడానికి సిద్ధమవుతున్నాడు. వంటపని చేసుకుని బతికే మనిషి. పుట్టింది శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌లో, శాక్రమెంటో వీధి 751 నంబరు ఇంట్లో. అలాంటివాడికి సొంతూరికి తిరిగి రావడానికి ముందే ఒక హామీపత్రం రాయించుకోక తప్పలేదు. ఇతను మాకు బాగా తెలుసు, ఈ ఊళ్లోనే పుట్టాడు, కొద్ది రోజులు చైనా వెళ్తున్నాడు, తిరిగొచ్చినప్పుడు గుర్తుపట్టి దిగనివ్వడం కోసం ఇది రాసిస్తున్నాం అన్నది అందులోని సారాంశం. కింద సాక్షుల సంతకాలున్నాయి. చైనీయుల మాటకు అధికారులు విలువివ్వని రోజులు కాబట్టి సాక్షులు తెల్లవాళ్లే. ఫొటో జత చేశారు, నోటరీ చేయించారు. నిరుద్యోగం పెరిగి, చైనీయుల మీద కోపం ఊరేగింపులుగా వీధులకెక్కిన కాలంలో ఆ కుర్రాడు ఎంత ముందుచూపుతో ఉన్నాడో ఆ కాగితం చూస్తే తెలుస్తుంది.

1895 ఆగస్టులో ‘కాప్టిక్’ అనే ఓడలో తిరిగొచ్చాడు. కాగితం చూపించాడు. కస్టమ్స్ కలెక్టర్ జాన్ వైజ్ దిగనివ్వలేదు. అతను శాన్‌ఫ్రాన్సిస్కోలోనే పుట్టాడన్న విషయాన్ని సుప్రీంకోర్టు దాకా ప్రభుత్వం కాదనలేదు. సాక్షులు చెప్పింది నిజమేనని ఒప్పుకుంటూనే, నీ తల్లిదండ్రులు చైనా చక్రవర్తి ప్రజలు, కాబట్టి నువ్వూ అంతే అని వాదించింది. నాలుగు నెలలకు పైగా అతన్ని ఓడల్లోనే ఉంచారు. ఒక ఓడ బయల్దేరితే మరో ఓడలోకి మార్చారు. పుట్టిన ఊరు కళ్లెదుటే ఉంది, కాలు మోపడానికి లేదు. చైనాటౌన్ సంఘాలు లాయర్‌ను పెట్టాయి. 1896 జనవరి 3న జిల్లా జడ్జి విలియం మారో అతను పౌరుడేనన్నారు. ప్రభుత్వం అప్పీలు చేసింది. 1898 మార్చి 28న సుప్రీంకోర్టు ఆరుగురు ఒకవైపు, ఇద్దరు మరోవైపుగా అతనికే అనుకూలంగా తీర్పిచ్చింది. తీర్పు రాసిన జస్టిస్ హొరేస్ గ్రే రాజ్యాంగం 14వ సవరణను ఎంతో లోతుగా పరిశీలించారు. విదేశీ రాయబారుల పిల్లలు, దండెత్తి వచ్చిన శత్రువుల పిల్లలు, నాటి ఆదివాసీ తెగలవాళ్లు వంటి కొద్దిమందికి తప్ప అక్కడ పుట్టిన అందరికీ పౌరసత్వం ఉంటుందని తేల్చారు. నల్లవాళ్లను వేరే రైలుపెట్టెలో కూర్చోబెట్టడం తప్పని రెండేళ్ల ముందు ఒంటరిగా అసమ్మతి రాసిన జస్టిస్ హార్లాన్, ఈ కేసులో మాత్రం వాంగ్‌కు వ్యతిరేకంగా నిలబడ్డారు. ఈ విషయం నన్ను ఇప్పటికీ కలవరపెడుతోంది.

పుస్తకాలు చాలావరకు కథను ఇక్కడే ఆపేస్తాయి. కాగితాలు ఆపవు. 1901లో టెక్సస్‌లోని ఎల్‌పాసోలో వాంగ్‌ను అక్రమంగా ఉంటున్న చైనీయుడని అరెస్టు చేశారు. దేశంలోని అత్యున్నత న్యాయస్థానం పేరు పెట్టి మరీ పౌరుడని చెప్పిన మనిషి అతను. అయినా 300 డాలర్ల పూచీకత్తు కట్టి, నెలల తరబడి తిరిగితే గానీ ఆ కేసు పోలేదు. 1910లో పెద్దకొడుకు తండ్రి దగ్గరికి వచ్చాడు. ఏంజెల్ ద్వీపంలో వలస అధికారులు తండ్రినీ కొడుకునూ విడివిడిగా ప్రశ్నించి, జవాబులు సరిపోలలేదని కొడుకును వెనక్కి పంపేశారు. తర్వాత వచ్చిన కొడుకులను రానిచ్చారు. తండ్రి అదే, తీర్పూ అదే. చిన్నకొడుకు రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా తరఫున పనిచేశాడు. వాంగ్ మాత్రం 1931లో చైనా వెళ్లి, మళ్లీ రాలేదు.

కోర్టు హక్కును ప్రకటిస్తుంది, ఆ హక్కును రేవులో, సరిహద్దులో, ఆఫీసు కిటికీ దగ్గర ప్రతిసారీ నిరూపించుకునే బరువు మాత్రం మనిషి మీదే పడుతుంది. ఆ బరువు ఎంత పెరగాలో రాజకీయం నిర్ణయిస్తుంది. అమెరికా తీర్పుల చరిత్రలో నాకు కనిపించిందల్లా ఇదే.

చరిత్ర క్లుప్తంగా చెప్పుకోవాలంటే: 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో నల్లవాళ్లు పౌరులు కాలేరన్నది ఇదే సుప్రీంకోర్టు. అంతర్యుద్ధం తర్వాత 1868లో 14వ సవరణ ఆ మాటను కొట్టేసింది. 1882లో చైనా కూలీలను రానివ్వని చట్టం వచ్చింది. 1884లో తెగల్లో పుట్టిన ఆదివాసీలకు ఆ సవరణ వర్తించదన్నారు, వాళ్లకు 1924లో చట్టం చేసి పౌరసత్వం ఇచ్చారు.

ఇక 2025. జనవరి 20న ప్రమాణం చేసిన రోజే డొనాల్డ్ ట్రంప్ ఉత్తర్వు జారీ చేశారు. తల్లి అక్రమంగా గానీ తాత్కాలిక వీసా మీద గానీ ఉండి, తండ్రికి పౌరసత్వం, గ్రీన్‌కార్డు రెండూ లేకపోతే, ఫిబ్రవరి 19 తర్వాత పుట్టిన బిడ్డకు పౌరసత్వం లేదన్నారు. అంటే హెచ్‌1బీ మీద పనిచేస్తున్న మన పిల్లల ఇళ్లు కూడా ఇందులోకి వచ్చేశాయి. గడువు లోపలే కాన్పు చేయించాలని భారతీయ దంపతులు డాక్టర్లను అడుగుతున్నారని అప్పట్లో పత్రికలు రాశాయి. పురుడు పోయడానికి విజిటర్ వీసా మీద వెళ్లే అమ్మమ్మలకు పత్యం, స్నానం, బారసాల ఇవే చింతలు. ఆ నెలలో మాత్రం బిడ్డ పుట్టే తేదీ ఇంటిల్లిపాదికీ గుబులైంది.

ప్రభుత్వం వాంగ్ తీర్పును తిరగరాయమనడం లేదు, దాన్ని కుదించమంటోంది. వాంగ్ పుట్టినప్పుడు అతని తల్లిదండ్రులు అమెరికాలో స్థిరనివాసులని తీర్పులో ఉంది. కాబట్టి అది స్థిరనివాసుల పిల్లలకే వర్తిస్తుందని వాదిస్తోంది. ఈ వాదన నాకు నిలబడేదిగా కనిపించదు. 14వ సవరణలో తల్లిదండ్రుల నివాసం మాటే లేదు. పైగా వాంగ్ తల్లిదండ్రులు 1890లో చైనా వెళ్లిపోయారని అదే తీర్పు చెబుతోంది. ఏ దేశానికీ ఉద్యోగ గ్రీన్‌కార్డుల్లో 7 శాతానికి మించి ఇవ్వకూడదన్న పరిమితి వల్ల మనవాళ్లు ఏళ్లకేళ్లు వరుసలో ఉంటారు. డాలస్‌లోనో ఎడిసన్‌లోనో ఇల్లు కొని, పన్నులు కట్టి, అక్కడే తలనెరిసేలా ఉన్నా కాగితం మీద తాత్కాలికమే. ఆ కాగితాన్ని పసిబిడ్డ నుదుటికి అంటించడం అన్యాయం.

డిసెంబరులో కోర్టు తీసుకున్న కేసు పేరు ‘ట్రంప్ వర్సెస్ బార్బరా’. బార్బరా అన్నది హోండురాస్ నుంచి వచ్చిన ఒక తల్లికి కోర్టు కాగితాల్లో పెట్టిన మారుపేరు. 1894లో వాంగ్ తన పేరూ, ఇంటి నంబరూ, ఫొటో అన్నీ ముందుపెట్టి హక్కు అడిగాడు. ఈ తల్లి పేరు బయటపెట్టకుండా అడగాల్సి వచ్చింది.

బాక్స్: 2025లో కోర్టుల్లో

ఉత్తర్వు వచ్చిన మూడో రోజునే సియాటిల్‌లో జడ్జి జాన్ కాఫనార్ దాన్ని ఆపేశారు. ఇది బాహాటంగా రాజ్యాంగ విరుద్ధమన్న ఆయనను జడ్జిగా నియమించింది రిపబ్లికన్ అధ్యక్షుడు రీగన్. జూన్ 27న సుప్రీంకోర్టు ఆరుగురు, ముగ్గురుగా చీలి, కింది జడ్జీలు దేశమంతటికీ వర్తించేలా ఉత్తర్వులు ఆపే అధికారానికి కత్తెర వేసింది. పౌరసత్వం సంగతి మాత్రం తేల్చలేదు. జులై 10న న్యూహాంప్‌షైర్‌లో జడ్జి జోసెఫ్ లప్లాంట్ అలాంటి పిల్లలందరినీ ఒకే వర్గంగా గుర్తించి మళ్లీ అడ్డుకట్ట వేశారు.

బాక్స్: భగత్‌సింగ్ థిండ్, యల్లాప్రగడ

అమృత్‌సర్ జిల్లా నుంచి వెళ్లిన భగత్‌సింగ్ థిండ్ మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేశారు. 1923 ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆయన తెల్లజాతివాడు కాదని, పౌరసత్వానికి అనర్హుడని చెప్పింది. అప్పటికే పౌరులైన భారతీయుల హక్కులనూ ప్రభుత్వం రద్దు చేయించింది. అలా పౌరసత్వం పోయిన వైష్ణోదాస్ బగాయ్ అనే వ్యాపారి 1928లో ఆత్మహత్య చేసుకున్నారు. 1946లో లూస్–సెల్లర్ చట్టం భారతీయులకు తలుపు తీసింది.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో అడుగుపెట్టిందీ 1920ల్లోనే. క్యాన్సర్‌కు వాడే మెథోట్రెక్సేట్ తయారీకి దారితీసిన పరిశోధనలు ఆయన బృందానివే. చట్టం మారాక పౌరసత్వం తీసుకునే వీలున్నా ఆయన తీసుకోలేదు. 1948లో న్యూయార్క్‌లో కన్నుమూసేనాటికీ అమెరికా దృష్టిలో విదేశీయుడే.