విశ్వనాదమును విడదీయు గణనశాల

తిరునాళ్లకు పోయినవారికి ఒక అనుభవము కలిగియుండును. ఒకవైపు సన్నాయి మ్రోగుచుండును, మరియొకవైపు డప్పులు చెలరేగుచుండును, రంగులరాట్నము కిర్రుమనుచుండును. వేలాది జనుల మాటలు వీనితో కలిసి ఒకే హోరుగా వినవచ్చును. అంత హోరులోను తప్పిపోయిన బిడ్డ "అమ్మా!" అని పిలిచినచో తల్లి ఆ పిలుపును గుర్తించును. చెవి ఒక్కటే చేయగల పని కాదది. బిడ్డ గొంతును ఎరిగిన మనస్సు చెవికి తోడైనది.

శాస్త్రజ్ఞులు అంతరిక్షమునకు పంపనున్న లీసా అను సాధనమునకును ఇట్టి చెవియు, ఇట్టి మనస్సును కావలెను. దాని చెవి ఆకాశమున ఉండును. మనస్సు భూమిమీద, గణనశాలలో ఉండును. ఆ గణనశాలను ఏల ఇంత ముందుగా సిద్ధపరచవలసివచ్చినదో తెలిసికొందము.

1916వ సంవత్సరమున ఐన్‌స్టీను అను మహాశాస్త్రజ్ఞుడు ఒక విషయమును ఊహించెను. మిక్కిలి బరువైన రెండు వస్తువులు ఒకదానిచుట్టు నొకటి తిరుగునపుడు, చెరువులో రాయి పడినచో అలలు లేచినట్లు, స్థలకాలములయందే అలలు పుట్టి అన్ని దిక్కులకు వ్యాపించును. ఇవియే గురుత్వాకర్షణ తరంగములు. ఇవి నిజముగా శబ్దములు కావు. పోలికకొరకే నాదములని చెప్పుచున్నాము. 2015 సెప్టెంబరు 14వ తేదీన అమెరికాలోని లైగో పరిశోధనశాలలు రెండును మొదటిసారిగా ఇట్టి తరంగమును పట్టినవి. సుమారు 130 కోట్ల కాంతి సంవత్సరముల దూరమున రెండు కృష్ణబిలములు ఏకమైనపుడు పుట్టిన తరంగమది.

కాని భూమిమీద ఉండి అన్ని తరంగములను పట్టుటకు వీలులేదు. కొన్ని తరంగములు ఒక్క ఊపు ఊగుటకు నిమిషములు, ఒక్కొక్కపుడు గంటలు పట్టును. భూమి ఎల్లప్పుడును సన్నగా కంపించుచునే యుండుటచే అట్టి నిదానపు తరంగములు ఆ కంపనములలో మునిగిపోవును. కనుక అంతరిక్షమునకు పోవలెను. ఈ ఆలోచన 1990 దశకమునాటికే పుట్టినది. ఐరోపా అంతరిక్ష సంస్థ 2024 జనవరి 25వ తేదీన లీసా నిర్మాణమునకు సమ్మతించినది. అమెరికా సంస్థయైన నాసాయు ఇందులో పాలుపంచుకొనుచున్నది. 2035లో దీనిని పంపవలెనని సంకల్పము.

లీసాలో మూడు వ్యోమనౌకలుండును. అవి త్రిభుజాకారమున నిలిచి, భూమికి వెనుకగా దాదాపు 5 కోట్ల కిలోమీటర్ల దూరమున, భూమివలెనే సూర్యునిచుట్టు తిరుగును. ఒక నౌకకును మరియొక నౌకకును నడుమ 25 లక్షల కిలోమీటర్ల ఎడముండును. ఆ దూరమును దాటుటకు కాంతికే 8 సెకన్లకు పైగా పట్టును. నౌకల లోపల బంగారము, ప్లాటినము కలిపి చేసిన చిన్న ఘనములు దేనినీ తాకక తేలుచుండును. వాని నడుమ లేసరు కిరణములు పోవుచు వచ్చుచు దూరములోని మార్పును కొలుచును. పరమాణువు కంటెను చిన్నదైన మార్పును గూడ అవి తెలుపవలెను. 2015 డిసెంబరులో పంపిన లీసా పాత్‌ఫైండరు అను నౌక, ఘనములను ఇట్లు నిశ్చలముగా తేల్చుట సాధ్యమేయని నిరూపించినది.

ఇక భూమికి చేరు కొలతల సంగతి. అవి రాశిలో మిక్కిలి పెద్దవి కావు. కాని కొలతలు కొద్దియైనంత మాత్రమున పని కొద్దియగునా? కాదు. ఇచ్చట రెండు చిక్కులున్నవి.

మొదటి చిక్కు లేసరు కిరణముయొక్క స్వంత తడబాటు. అది మనకు కావలసిన తరంగముకంటె కోటి రెట్లకు పైబడి పెద్దది. దీనిని తొలగించు ఉపాయమును ఒక ఉదాహరణముచే గ్రహింపవచ్చును. రెండు కొండల నడుమ నిలిచి ఒకడు కేక వేసెననుకొనుడు. కేకలో వాని గొంతు తడబడినచో, ఆ తడబాటు రెండు ప్రతిధ్వనులలోను వినబడును. అయితే ఒకటి ముందు, ఒకటి వెనుక వచ్చును. కొండల దూరము తెలిసినచో, ఆ కాలభేదమును సరిచేసి ఒకదానినుండి మరియొకదానిని తీసివేయవచ్చును. అపుడు తడబాటు మాయమగును. గణనశాల మొట్టమొదట చేయవలసిన పని ఇదియే. నౌకల నడుమ దూరములు నిత్యము మారుచుండుటచే ఈ లెక్కను ఎడతెగక చేయుచుండవలెను.

రెండవ చిక్కు ఇంకను పెద్దది. దూరదర్శినిని ఒక నక్షత్రమువైపు త్రిప్పవచ్చును. లీసాను అట్లు త్రిప్పుటకు వీలులేదు. అది అన్ని దిక్కుల నాదములను ఒక్కసారిగా వినును. మన పాలపుంతలో ఒకదానిచుట్టు నొకటి తిరుగు శ్వేతకుబ్జ నక్షత్రముల జంటలు కోట్లకొలదిగా ఉన్నవి. వానిలో వేలాది జంటలను విడివిడిగా గుర్తింపవలెను. మిగిలినవి హోరుగా నిలిచిపోవును. ఆ హోరుమీదనే దూరపు కృష్ణబిలముల నాదములు తేలివచ్చును. ఒక జంటను తప్పుగా లెక్కించినచో ఆ తప్పు పక్క జంట లెక్కలోనికి పాకును. కాబట్టి అన్నింటిని కలిపియే విడదీయవలెను. క్రొత్త కొలతలు చేరినకొలది పాత లెక్కలను గూడ మరల సవరింపవలసియుండును.

ఆలస్యము చేయుటకును వీలులేదు. రెండు మహాకృష్ణబిలములు ఏకమగుటకు ముందే వాని నాదము లీసాకు వినబడగలదు. ఆ వార్తను గణనశాల వెంటనే తెలిపినచో, ప్రపంచములోని దూరదర్శినులు ఆ దిక్కునకు తిరిగి సిద్ధముగా నుండగలవు. లెక్క ఆలస్యమైనచో ఆ దృశ్యము మరల రాదు. కోట్ల సంవత్సరములు ప్రయాణము చేసి వచ్చిన అల మనకొరకు ఆగునా?

అందుచేతనే నౌకలు పూర్తికాకముందే గణనశాలను గూర్చిన ఆలోచన మొదలైనది. లెక్కలపని ఒకే భవనమున గాక అనేక దేశముల కేంద్రములలో పంచుకొనబడును. ఆ ఏర్పాటునకు ఫ్రాన్సు దేశపు అంతరిక్ష సంస్థ నాయకత్వము వహించుచున్నది. ఆ సంస్థ తోడ్పాటుతో ఫ్రాన్సు దేశపు పరిశోధకులు ఇదివరకే ఒక నమూనా కేంద్రమును నెలకొల్పి అనుభవము గడించిరి.

ఆ అనుభవము నేర్పిన పాఠములు మూడు. కంప్యూటర్ల అవసరము అన్ని దినములలో ఒకే తీరున ఉండదు. కోతలకాలమున రైతు కూలీలను ఎక్కువగా పిలిచినట్లు, పని మిక్కుటమైనపుడు ఎక్కువ యంత్రములను, తగ్గినపుడు తక్కువ యంత్రములను వాడుకొను ఏర్పాటుండవలెను. ఇది మొదటిది. నేటి యంత్రములు 2035 నాటికి పాతబడును. కావున ప్రోగ్రాములను ఏ ఒక్క యంత్రమునకో కట్టిపడవేయక, ఎచ్చటనైనను నడచునట్లు వ్రాయవలెను. ఇది రెండవది. అనేకులు కలిసి వ్రాయు ప్రోగ్రాములో ఒకరు చేసిన మార్పు మరియొకరి పనిని చెడగొట్టవచ్చును. కావున ప్రతి మార్పును అప్పటికప్పుడే పరీక్షింపవలెను. ఇది మూడవది.

అసలు కొలతలు రాకముందే అభ్యాసము చేయుటెట్లు? దీనికి శాస్త్రజ్ఞులు చక్కని మార్గమును కనుగొనిరి. కంప్యూటరుతో ఒక కల్పిత ఆకాశమును సృష్టించి, అందు నక్షత్రముల జంటలను, కృష్ణబిలములను తమ ఇష్టము వచ్చినట్లు నిలిపి, లీసా వాటిని వినినచో ఎట్లుండునో ఆ కొలతలను తయారుచేయుదురు. జవాబులను దాచి, కొలతలను మాత్రము ఇతరులకు ఇచ్చి విడదీయుడని చెప్పుదురు. 2006 నుండి ఇట్టి పరీక్షలు జరుగుచున్నవి. మొదట ఒక్కొక్క నాదమును గుర్తించు సులభమైన ప్రశ్నలు. పిమ్మట అన్నియు కలిసిన కఠినమైన ప్రశ్నలు. సాంగ్రియా అను పేరు గల పరీక్షలో సుమారు 3 కోట్ల నక్షత్ర జంటలను కలిపిరి. వేరువేరు బృందములు వేరువేరు పద్ధతులతో లెక్కించి, జవాబులను పోల్చి చూచుకొనిరి. ఎచ్చట తప్పు జరిగెనో ఇప్పుడే తెలిసినచో రేపు అసలు కొలతలు వచ్చినపుడు మోసపోవుట తప్పును.

ఈ పని మొదలిడినవారిలో కొందరు ఇప్పటికే వృద్ధులైరి. నౌకలు ఎగురునాటికి వారు తమ స్థానములలో ఉండకపోవచ్చును. అయినను వారు తమ ప్రోగ్రాములను ఇతరులు చదువుకొని కొనసాగించునట్లు వ్రాసి ఉంచుచున్నారు. టెంక నాటిన తాత మామిడిపండును తినలేకపోవచ్చును; మనుమల కొరకైనను నాటును. నేడు ఎనిమిదవ తరగతి చదువుచున్న బాలబాలికలు లీసా కొలతలు వచ్చునాటికి యువతీయువకులగుదురు. ఆ హోరులోనుండి ఇంతవరకు ఎవరును వినని ఒక పిలుపును మొదట గుర్తించువారు వారిలోనే ఉండవచ్చును.