ముందు రాగి... వెనక మైదా!

సూపర్‌మార్కెట్ అరలో రాగి బిస్కెట్ల ప్యాకెట్. రాగి కంకుల బొమ్మ, మట్టిరంగు అట్ట, అమ్మమ్మను గుర్తుచేసే పేరు. ‘గోధుమ పడని పిల్లకి ఇంతకన్నా ఏం కావాలి’ అని బుట్టలో వేసేస్తాం. ఒక్కసారి తిప్పి చూడండి. చాలా ప్యాకెట్ల వెనక, చీమ తలకాయంత అక్షరాల్లో, మొదటి మాటే ‘రిఫైన్డ్ వీట్ ఫ్లోర్’. అంటే మైదా! రాగిపిండి ఎక్కడో మూడోదో నాలుగోదో. దినుసుల్ని బరువునుబట్టి ఎక్కువ నుంచి తక్కువకు రాయాలన్నది నిబంధన. మరి ఆ బిస్కెట్ రాగిదా, మైదాదా?

గోధుమలో కొందరికి పడనిది గ్లూటెన్. గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే మాంసకృత్తు అది. చపాతీ ముద్ద సాగేదీ, బ్రెడ్డు పొంగి నిలబడేదీ దానివల్లే. సీలియాక్ జబ్బున్నవాళ్లు అది తింటే ఒంట్లోని రక్షణ వ్యవస్థే ఎదురుతిరిగి చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. తిన్నది ఒంటబట్టదు. విరేచనాలు, రక్తహీనత, పిల్లల్లో ఎదుగుదల కుంటుపడటం. జీవితాంతం పథ్యమే దీనికి మందు. ఉత్తరాదితో పోలిస్తే దక్షిణాదిలో ఈ జబ్బు తక్కువే. అందుకేనేమో, ‘గ్లూటెన్ ఉందా?’ అని అడిగితే బేకరీ కౌంటర్లో మొహమొహాలు చూసుకుంటారు.

‘గ్లూటెన్ ఫ్రీ’ అని అచ్చేయాలంటే మన దేశంలో గ్లూటెన్ కిలోకి 20 మిల్లీగ్రాములు దాటకూడదు. చిటికెడు ఉప్పు దానికి పదింతలకు పైనే తూగుతుంది. ఇంత సన్నటి లెక్క కాబట్టే ‘గోధుమ లేదు’ అన్న మాట సరిపోదు. మాల్ట్ అని ఉంటే అది సాధారణంగా బార్లీ నుంచి తీసిందే. మల్టీగ్రెయిన్‌లో గోధుమకే పెద్దపీట వేయొచ్చు. ఓట్స్ పొలంలోనో మిల్లులోనో గోధుమతో కలిసే సరుకు. దినుసుల జాబితా చదివాక, దగ్గర్లోనే ఉండే ‘కంటెయిన్స్’ వరస కూడా చూడండి. గ్లూటెన్ ఉన్న ధాన్యం వాడితే అక్కడ చెప్పి తీరాలి. ‘మే కంటెయిన్ వీట్’ అని ఉంటే, జబ్బున్నవాళ్లు దాన్ని ‘ఉంది’ అనే చదువుకోవాలి. కొనే ప్రతిసారీ చదవాలి, పోయిన నెల ప్యాకెట్లో ఉన్న దినుసులే ఈ నెలా ఉంటాయని ఏముంది?

బేకరీ గాజు సీసాల్లోని బిస్కెట్లకు ఈ చదువు కూడా లేదు. ఉస్మానియా ఎటూ మైదాదే. పక్క సీసాలోని కొబ్బరి బిస్కెట్‌లో మైదా లేదన్నా, అవే ట్రేలు, అదే పొయ్యి, గాల్లో లేచే అదే పిండి.

‘మన జంతికలు, అరిసెలు ఉన్నాయిగా’ అంటారా? బియ్యప్పిండిలో గ్లూటెన్ లేదు, నిజమే. కానీ మర దగ్గర మీకన్నా ముందు ఎవరి డబ్బా వంతు? గోధుమలు ఆడించిన మరలోనే బియ్యం పోస్తే మొదట రాలేది రెండూ కలిసిన పిండి. జంతికల్లో వేసే ఇంగువ డబ్బా వెనకా చూడండి, చాలా వాటిలో మైదానో గోధుమ పిండో కలుపుతారు.

ఏ జబ్బూ లేనివాళ్లు ‘గ్లూటెన్ ఫ్రీ’ ప్యాకెట్ల కోసం ఎగబడక్కర్లేదు. వీటిలోనూ చక్కెర, నూనె దండిగానే ఉండొచ్చు, ధర అదనం. సీలియాక్ అనుమానం ఉంటే డాక్టర్‌ని కలవండి. ముందు రక్తపరీక్ష, అవసరమైతే ఎండోస్కోపీ చేయిస్తారు. అవన్నీ అయ్యేదాకా మాత్రం చపాతీ మానకండి. ముందే మానేస్తే జబ్బున్నా లేదనే రిపోర్టు రావచ్చు.